మణిచిత్రతాళు: తాళం వేసిన గది, తలుపు తీసిన బాల్యం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• బాల్యంలో తగిలిన మానసిక గాయం పెద్దయ్యాక తిరిగి బయటపడే తీరును ఒక కథలో గుర్తించగలుగుతారు.
• మనోవైజ్ఞానిక థ్రిల్లర్‌లో రహస్యాన్ని దాచే పద్ధతిని వివరించగలుగుతారు.
• ఒకే కథ వేరువేరు భాషల్లోకి వెళ్ళినప్పుడు దాని అర్థం ఎలా మారుతుందో చర్చించగలుగుతారు.
• ఒక కృతి గొప్పతనాన్ని, పరిమితిని కలిపి అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

'చంద్రముఖి' తెలియని తెలుగు ప్రేక్షకులు తక్కువ. 2005లో రజనీకాంత్ నటించిన ఆ తమిళ చిత్రం తెలుగులోకి అనువాదమై ఊరూరా ఆడింది. దానికి మూలం 1993లో వచ్చిన మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు'. దర్శకుడు ఫాజిల్, రచయిత మధు ముట్టం. గంగ పాత్ర పోషించిన శోభనకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం లభించింది. మణిచిత్రతాళు అంటే నగిషీలు చెక్కిన తాళం. కథలో ఆ తాళం ఒక పాత గదికి ఉంటుంది. విమర్శకుడి దృష్టితో చూస్తే అది ఒక మనసుకు వేసిన తాళం కూడా.

ఈ చిత్రాన్ని చాలామంది దెయ్యం కథగానే గుర్తుపెట్టుకున్నారు. నిజానికి ఇందులో దెయ్యం లేదు. ఉన్నది ఒక చిన్నపిల్ల దిగులు. ఆ దిగులు ఎక్కడ పుట్టింది, ఇన్నేళ్ళూ ఎక్కడ దాగింది, ఏ సందు దొరికితే బయటికి వచ్చింది అనేవి ఈ పాఠంలోని ప్రధాన ప్రశ్నలు.

2. కథాసారం

నకులన్, గంగ దంపతులు కలకత్తా నుంచి కేరళలోని పూర్వీకుల భవనం మాడంపల్లికి వచ్చి ఉంటారు. ఆ ఇంట్లో దక్షిణపు గదికి ఎన్నో ఏళ్ళుగా తాళం వేసి ఉంది. పూర్వం ఆ ఇంటి పెద్ద శంకరన్ తంపి తంజావూరు నుంచి నాగవల్లి అనే నర్తకిని తెచ్చి ఉంచుకున్నాడు. ఎదురింట్లో ఉండే రామనాథన్ అనే నర్తకుణ్ణి ఆమె ప్రేమించింది. అది తెలిసి తంపి ఒక దుర్గాష్టమి నాడు ఆమెను చంపాడు. ఆమె ఆత్మ ఆ గదిలోనే ఉందని ఇంటివారి నమ్మకం. గంగ కొత్త తాళంచెవి చేయించి గది తెరిపిస్తుంది. నాగవల్లి చిత్రపటం, చీరలు, నగలు, గజ్జెలు చూసి మురిసిపోతుంది.

అక్కడినుంచి ఇంట్లో వింతలు మొదలవుతాయి. రాత్రిపూట గజ్జెల చప్పుడు వినిపిస్తుంది. గంగ చీరకు నిప్పంటుకుంటుంది. నకులన్ ప్రాణానికి ముప్పు వస్తుంది. అతని స్నేహితుడు, మానసిక వైద్యుడు సన్నీ (మోహన్‌లాల్) వచ్చి పరిశోధించి, నాగవల్లిగా మారుతున్నది గంగేనని తేలుస్తాడు. ఆమెకు భర్త నకులన్ శంకరన్ తంపిలా, ఎదురింటి మహాదేవన్ రామనాథన్‌లా కనిపిస్తున్నారు. చివరికి దుర్గాష్టమి నాటి పూజలో తంపి బొమ్మను నరికించి, నాగవల్లి పగ తీరిందనిపించి, గంగను మామూలు మనిషిని చేస్తాడు.

3. బాల్య గాయం: చిన్నదా, పెద్దదా?

సన్నీ గంగ పుట్టిపెరిగిన ఊరికి వెళ్ళి ఆమె చిన్ననాటి సంగతులు తెలుసుకుంటాడు. తల్లిదండ్రులు ఆమెను అమ్మమ్మ దగ్గర వదిలి కలకత్తా వెళ్ళిపోయారు. పిల్ల అమ్మమ్మ కథల్లో, ఆ ఊరి నమ్మకాల్లో పెరిగింది. ఏళ్ళ తరువాత, పరీక్షల సమయంలో, ఆమెను తమతో తీసుకుపోవడానికి తల్లిదండ్రులు వచ్చారు. అప్పుడే ఆమె మనసు మొదటిసారి అదుపు తప్పింది.

ఈ గాయం తీరును విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. ఈ కోవకు చెందిన చాలా థ్రిల్లర్లలో బాల్య రహస్యం అంటే ఒక హత్యో అత్యాచారమో అయి ఉంటుంది. హిచ్‌కాక్ 'మార్నీ' (1964)లో నాయిక చిన్నతనంలో ఒక నావికుణ్ణి చంపిన సంగతి చివర్లో బయటపడుతుంది. గంగ బాల్యంలో అలాంటి నేరం ఏదీ లేదు. ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పిల్లను ఒకచోట వదిలారు, తరువాత ఇంకోచోటికి రమ్మన్నారు. రెండుసార్లూ నీకిష్టమేనా అని ఎవరూ అడగలేదు. పొట్టకూటి కోసం పిల్లల్ని అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర వదిలి వలసపోయే కుటుంబాలు మనకూ కొత్త కాదు. అందువల్ల ఈ గాయం మనకు దూరపు సంగతి అనిపించదు.

ఫ్రాయిడ్ చెప్పిన ఒక సూత్రం ఇక్కడ ఉపయోగపడుతుంది. చిన్నప్పటి ఘటన జరిగిన వెంటనే దాని పూర్తి ప్రభావం చూపకపోవచ్చు. ఏళ్ళ తరువాత దాన్ని పోలిన మరో సందర్భం ఎదురైనప్పుడు పాత ఘటనకు కొత్త అర్థం, కొత్త బలం వస్తాయి. గంగ విషయంలో ఆ రెండో సందర్భం నాగవల్లి కథ. సొంత ఊరు విడిపించి, ఇష్టం అడగకుండా తెచ్చి, పరాయి ఇంట్లో ఉంచిన ఆడమనిషి నాగవల్లి. వివరాలు వేరైనా ఆకారం ఒక్కటే. గంగ ఆ కథను విని భయపడలేదు, అందులో తనను తాను పోల్చుకుంది. ఇంటిల్లిపాదీ భయపడే గది ఆమె ఒక్కదానికే ముచ్చటగా కనిపించడానికి కారణం ఇదే.

మంచం సన్నివేశాన్ని ఈ వెలుగులో చూడండి. నకులన్‌కు నిజం చూపించడానికి సన్నీ ఒక ఉపాయం చెబుతాడు: బయటికి బయలుదేరిన గంగను వెళ్ళవద్దని ఆపమంటాడు. భర్త వద్దనగానే ఆమె గొంతు మారుతుంది, చూపు మారుతుంది, బరువైన మంచాన్ని ఒక్క చేత్తో లేపుతుంది. ఆమెలో నాగవల్లి నిద్రలేచింది మంత్రానికి కాదు, చీకటికీ కాదు. తన ఇష్టాన్ని కాదన్న ఒక్క మాటకు. బాల్య గాయానికీ పెద్దతనపు రుగ్మతకూ మధ్య దారం ఈ సన్నివేశంలో స్పష్టంగా కనిపిస్తుంది. సన్నీ చెప్పిన పెద్ద వివరణ కంటే ఈ కొద్ది నిమిషాల నటనే ఎక్కువ నమ్మిస్తుంది.

4. రహస్యాన్ని దాచిన పద్ధతి

థ్రిల్లర్ రచయిత ఆధారాలను దాచడు, వాటి మీద నుంచి మన దృష్టిని మళ్ళిస్తాడు. ఈ చిత్రంలో మన దృష్టిని మళ్ళించే పాత్ర శ్రీదేవి. జాతకంలో కుజదోషం ఉందని నకులన్‌తో ఆమె పెళ్ళి జరగలేదు. తరువాత జరిగిన పెళ్ళి నిలవలేదు. ఆమె మౌనంగా, ముభావంగా ఉంటుంది. ఇంట్లో ఏం జరిగినా అనుమానం ఆమె మీదికే పోతుంది. సన్నీ కూడా ఆమెనే రోగిగా భావిస్తున్నట్లు ప్రవర్తిస్తాడు.

ఇంటివారిలాగే ప్రేక్షకులమైన మనమూ శ్రీదేవినే అనుమానిస్తాం. ఎందుకు? ఆమెకు వ్యతిరేకంగా ఒక్క సాక్ష్యం కూడా లేదు. పెళ్ళి నిలవని ఆడపిల్ల, పైగా జాతకదోషం ఉన్నది అన్నదే మన సాక్ష్యం. నవ్వుతూ తిరిగే గంగను, చదువుకున్న కోడలిని, మనం అనుమానించం. నిజం తెలిశాక సిగ్గుపడాల్సింది మన తీర్పును చూసే. ఈ మలుపు కేవలం కథాచమత్కారం కాదు, ఒక సామాజిక విమర్శ.

రెండోసారి చూస్తే ఆధారాలన్నీ మొదటినుంచీ మన కళ్ళ ముందే ఉన్నాయని తెలుస్తుంది. కథలు వినేటప్పుడు గంగ కళ్ళలో మెరుపు, గదిమీద ఆమె మక్కువ, పనిలో మునిగిన భర్త, పొడుగాటి ఒంటరి పగళ్ళు, ఇవన్నీ ఆధారాలే. రెండోసారి చూసినప్పుడు ఇంకా అర్థవంతంగా కనిపించే థ్రిల్లరే మంచి థ్రిల్లర్ అన్న కొలత దీనికి సరిపోతుంది.

5. పొరుగు భాషలో మాట్లాడే మనసు

మలయాళ చిత్రంలో నాగవల్లి తమిళం మాట్లాడుతుంది. ఈ కథ 2004లో పి. వాసు దర్శకత్వంలో కన్నడంలో 'ఆప్తమిత్ర'గా వచ్చినప్పుడు ఆ నర్తకి తెలుగు మనిషి అయింది. అందులో గంగ పాత్ర మన సౌందర్యది. ఆమె మరణించిన తరువాత ఆ చిత్రం విడుదలైంది. తమిళ 'చంద్రముఖి'లోనూ నర్తకి తెలుగువారే, ఆమె పాటా తెలుగే. అదే చిత్రం తెలుగులోకి వచ్చినప్పుడు మాత్రం ఆ పాట తమిళమైంది. 2007లో హిందీ 'భూల్ భులయ్యా'లో నర్తకి బెంగాలీ.

ప్రతి భాషా తన పొరుగు భాషను ఆ నర్తకికి ఇచ్చింది. దీనికి మనోవిశ్లేషణలో సమాధానం ఉంది. ఫ్రాయిడ్ 1919లో రాసిన ఒక వ్యాసంలో, మనల్ని వింతగా వణికించేది పూర్తిగా కొత్తది కాదనీ, ఒకప్పుడు బాగా తెలిసి, అణిగిపోయి, తిరిగి వచ్చినదనీ అన్నాడు. పొరుగు భాష కూడా అలాంటిదే. చెవికి తెలిసినట్లే ఉంటుంది, పూర్తిగా చేతికి చిక్కదు. అణచిన జ్ఞాపకం మాట్లాడటానికి ఇంతకంటే తగిన భాష దొరకదు. నాగవల్లి సొంత భాషలో మాట్లాడితే అది కోపం మాత్రమే అయ్యేది.

2010లో వచ్చిన తెలుగు 'నాగవల్లి' ఈ పరంపరలోనిదే. అయితే అందులో వందేళ్ళు దాటిన రాజు నిజంగానే బతికి ఉంటాడు. పగ మనసులోంచి బయటి లోకంలోకి వచ్చేసింది. భయం పెరిగింది గాని, మూలంలోని పిల్ల దిగులుకు చోటు లేకుండా పోయింది.

6. పరిమితులు

మెచ్చుకోవడంతో విమర్శ పూర్తి కాదు. ఈ చిత్రం మీద మూడు అభ్యంతరాలు చెప్పవచ్చు.

మొదటిది వైద్యానికి సంబంధించినది. ఒక మనిషిలో వేరువేరు వ్యక్తిత్వాలు కనిపించే స్థితిని ఇప్పుడు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటున్నారు. 1994 వరకు దాన్ని మల్టిపుల్ పర్సనాలిటీ డిజార్డర్ అనేవారు. స్కిజోఫ్రీనియా దీనికి పూర్తిగా వేరైన జబ్బు. పరీక్షల్లో ఈ రెండింటినీ కలిపి రాయకండి. ఈ స్థితిని వైద్యులు సాధారణంగా బాల్యంలో పదేపదే జరిగిన తీవ్ర హింసతో ముడిపెడతారు. ఒక్క రాత్రి పూజలో బొమ్మను నరికితే నయమయ్యేది కాదు. కథకు ముగింపు కావాలి కాబట్టి అలా ముగిసింది.

రెండోది శాస్త్రానికీ నమ్మకానికీ మధ్య రాజీ. సన్నీ వైద్యుడే అయినా మంత్రవేత్త సాయంతో, మంత్రవేత్త పద్ధతిలోనే నయం చేస్తాడు. రోగి నమ్మకాన్ని గౌరవించి దాని ద్వారానే ఆమెను చేరుకోవడం తెలివైన పని అని సమర్థించవచ్చు. కాని ప్రేక్షకుడు ఇంటికి తీసుకువెళ్ళేది వైద్యాన్నా, పూజనా? ఇది ఊహాప్రశ్న కాదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో, నమ్మకంతో తెచ్చి గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు అగ్నిప్రమాదంలో చనిపోయారు. పట్టిందేమో అనుకుని వైద్యం ఆలస్యం చేసే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. గంగకు సన్నీ దొరికాడు. అందరికీ దొరకడు.

మూడోది అన్నింటికంటే లోతైనది. గంగ కళ్ళకు భర్తే బంధించిన రాజుగా ఎందుకు కనిపించాడు? ఈ ప్రశ్న చిత్రమే లేవనెత్తింది, కాని చిత్రం దానికి జవాబు వెతకలేదు. ముగింపులో తంపి బొమ్మ తెగింది, గంగ గంగగా మేలుకుంది. నకులన్‌ను మారమని అడిగినవారు లేరు. నీకేం కావాలని గంగను అడిగినవారూ లేరు. చిన్నప్పుడు అడగనిదే మళ్ళీ అడగలేదు. రోగం పోయింది గాని, రోగానికి మూలమైన మౌనం అలాగే మిగిలింది.

7. సారాంశం

'మణిచిత్రతాళు'లో బాల్య గాయం పెద్ద నేరంలోంచి కాక, పిల్ల ఇష్టాన్ని పట్టించుకోని ఒక మామూలు అలవాటులోంచి పుట్టింది. నాగవల్లి కథ ఆ గాయానికి రూపం ఇచ్చింది, పొరుగు భాష దానికి గొంతు ఇచ్చింది. శ్రీదేవి పాత్ర ద్వారా ప్రేక్షకుల పక్షపాతం బయటపడింది. వైద్యాన్ని చూపిన తీరులోనూ, భార్యాభర్తల సంబంధాన్ని ప్రశ్నించకపోవడంలోనూ పరిమితులు ఉన్నాయి. ఒక కృతి తాను లేవనెత్తిన ప్రశ్నకు తానే జవాబు చెప్పలేకపోతే అది లోపమే. అయినా ఆ ప్రశ్నను మనకు వినిపించిన గౌరవం ఆ కృతికే దక్కుతుంది. మీ జవాబుల్లో ఈ రెండు వైపులనూ చూపండి.

8. మాదిరి ప్రశ్నలు

1. గంగ బాల్యానికీ నాగవల్లి కథకూ ఉన్న పోలికలను వివరించండి.
2. శ్రీదేవి పాత్ర థ్రిల్లర్ నిర్మాణానికి, సామాజిక విమర్శకు ఎలా తోడ్పడింది?
3. నర్తకి పొరుగు భాషలో మాట్లాడటంలోని ఔచిత్యాన్ని చర్చించండి.
4. 'గంగకు నయమైంది' అనే మాటతో మీరు ఏకీభవిస్తారా? సన్నివేశాల ఆధారంగా సమర్థించండి.