ముఠాలూ, రాష్ట్ర నిర్మాణమూ

ఆళ్లగడ్డ అనగానే వేటకొడవలి చూపించడం మన సినిమాకు అలవాటైపోయింది. నంద్యాలలో నేను ఆంధ్రోద్యమ కాలపు సాహిత్యం పాఠం చెబుతుండగా ఆళ్లగడ్డ పక్క పల్లె విద్యార్థి ఒకడు లేచి అడిగాడు: "మా వూళ్లో కొట్లాడుకుంటే ఫ్యాక్షన్ అంటారు. మద్రాసులో నాయకులు కొట్లాడుకుంటే రాజకీయం అంటారేం సార్?" యీ ప్రశ్నకు మన విమర్శ జవాబు చెప్పవలసి వున్నది.

1928లో యీ నంద్యాలలోనే ఆంధ్ర మహాసభల సందర్భంలో దత్తమండలానికి 'రాయలసీమ' అన్న పేరు వచ్చింది. సూచించినవారు చిలుకూరి నారాయణరావుగారు. ఆంధ్రరాష్ట్రం కావాలి, అందులో సీమ మునిగిపోకూడదు: యీ రెండు ఆకాంక్షలకూ కుదిరిన రాజీయే 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక. నదీజలాల్లో సీమకు ప్రాధాన్యం, రాజధాని హైకోర్టులలో ఒకదాన్ని కోరుకునే హక్కు అందులోని ముఖ్యాంశాలు.

తర్వాత జరిగినదేమిటి? 1947లో ప్రకాశంగారి మంత్రివర్గాన్ని స్వపక్షమే పడగొట్టింది. 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి సంజీవరెడ్డితో పోటీపడి ఓడిన రంగా పార్టీనే వదిలిపోయారు. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్షలో ప్రాణాలు విడిస్తేగాని రాష్ట్రం రాలేదు. 1953లో కర్నూలు రాజధాని అయింది, 1956లో అది హైదరాబాదుకు తరలిపోయింది. విజయవాడే రాజధానిగా వుండాలని 1953లో వాదించినవారిలో కమ్యూనిస్టులూ వున్నారు. సీమ భయాన్ని అభ్యుదయవాదులమైన మనమూ సరిగా వినలేదని ఒప్పుకోవాలి.

కాబట్టి ముఠాతత్వం సీమ రక్తంలో లేదు, అధికారం పంచుకునే పద్ధతిలో వున్నది. మన్రో పాలెగాళ్లను అణచాడుగాని గ్రామంలో పెత్తనం పోలేదు. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక ఆ పెత్తనానికి ఓట్లూ, కాంట్రాక్టులూ తోడయ్యాయి. రాజధానిలోని ముఠాకు పల్లె ఓట్లు కావాలి, పల్లె నాయకుడికి రాజధాని అండ కావాలి. మధ్యలో కొడవలి పట్టి చచ్చేవాడు మాత్రం సెంటు భూమి లేని కూలివాడు.

సినిమా ఆ నాయకుణ్ణి వీరుణ్ణి చేసింది. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ వంటి కథకులు కరువునూ, రైతు బతుకునూ చూపారు. వారు నడిచిన దారిలో మనం యింకొక అడుగు వేయాలి. పల్లె హత్యకూ, రాజధాని పంపకానికీ నడుమనున్న ముడిని విప్పి చూపే రచన కావాలి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు సీమ మళ్లీ అడిగినది 1937 నాటి మాటలే. నా విద్యార్థి ప్రశ్నకు యింకా కాలం చెల్లలేదు.