‘సైజ్ జీరో’ చూపించని వయసు

2015 నవంబరులో వచ్చిన ‘సైజ్ జీరో’ థియేటర్లలో పెద్దగా ఆడలేదు. దర్శకుడు ప్రకాష్ కోవెలమూడి, కథ కనికా ధిల్లాన్‌ది. తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. ఆ పాత్ర కోసం అనుష్క నిజంగానే ఒళ్ళు చేసింది. అప్పట్లో సినిమా కన్నా ఆ కిలోల లెక్క గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం. సినిమా ఏ మాట వద్దంటోందో, దాని పబ్లిసిటీ ఆ మాట మీదే నడిచింది.

కథ తెలిసిందే. సౌందర్య అనే స్వీటీ లావుగా ఉంటుంది, హాయిగా తింటుంది, నవ్విస్తుంది. తల్లికి (ఊర్వశి) ఒకటే దిగులు, పెళ్ళి. సంబంధాలు వస్తుంటాయి, పోతుంటాయి. చివరికి స్వీటీ, సత్యానంద్ (ప్రకాష్ రాజ్) నడిపే స్లిమ్మింగ్ సెంటర్‌లో చేరుతుంది. అక్కడి పద్ధతుల వల్ల స్నేహితురాలు ప్రాణాల మీదికి తెచ్చుకున్నాక, ఆ మోసం మీద పోరాటం మొదలుపెడుతుంది.

ఇది చిన్న విషయం కాదు. 2006లో ఇ.వి.వి. తీసిన ‘కితకితలు’లో భార్య లావుగా ఉండటమే భర్త కష్టం, ఆ కష్టమే మన నవ్వు. తొమ్మిదేళ్ళ తర్వాత అలాంటి అమ్మాయినే కథకి మధ్యలో నిలబెట్టి, ఆమె వైపు నుంచి చూడమన్నారు. తెలుగు సినిమాలో అది పెద్ద అడుగే.

కానీ ఆ అడుగు రెండు చోట్ల ఆగిపోయింది. మొదటిది, విలన్. సత్యానంద్‌ని పట్టిస్తే సమస్య తీరిపోయినట్టు కథ ముగుస్తుంది. స్వీటీని ఆ సెంటర్ గుమ్మం దాకా నడిపించింది మాత్రం సత్యానంద్ కాదు. ఇంట్లో రోజూ వినపడే మాట, పెళ్ళిచూపుల్లో ఎగాదిగా చూసే చూపు. వాటిని సినిమా కామెడీ ట్రాక్‌లో పెట్టి వదిలేసింది.

రెండోది, పెళ్ళి. తొమ్మిదో తరగతి చదివే మా అక్క కూతురితో కలిసి ఈమధ్య మళ్ళీ చూశాను. అయిపోయాక తను అడిగింది: “అంటే మామయ్యా, చివర్లో హీరో ఒప్పుకున్నాడు కాబట్టి ఆవిడ బాగున్నట్టా? లేకపోతే?” నా దగ్గర జవాబు లేదు. సినిమా దగ్గర కూడా లేదు. పెళ్ళి మాటే ఇంకా రాని పద్నాలుగేళ్ళ పిల్లకి ఈ కథ ఇచ్చే ధైర్యం ఏంటి? క్లాసులో ‘బొండాం’ అని పిలిపించుకుని ఇంటికొచ్చే పిల్లకి హీరో ఎవరు?

నిజానికి దెబ్బ తగిలేది ఆ వయసులోనే. అమెరికాలో రెండు వేలకి పైగా అమ్మాయిల్ని పదేళ్ళ వయసు నుంచి పంతొమ్మిదేళ్ళ దాకా గమనించిన అధ్యయనం ఒకటి 2014లో ‘జామా పీడియాట్రిక్స్’లో వచ్చింది. పదేళ్ళప్పుడే ‘నువ్వు మరీ లావు’ అనిపించుకున్న పిల్లలు పంతొమ్మిదికి ఊబకాయులయ్యే అవకాశం ఎక్కువని తేలింది. మొదట్లో వాళ్ళ బరువెంతో లెక్కలోకి తీసుకున్నా ఫలితం మారలేదు. ఆ పరిశోధకుల్లో ఒకరైన జానెట్ టొమియామా దీన్నొక వలయంగా వివరించారు: అవమానం వల్ల ఒత్తిడి, ఒత్తిడితో కార్టిసాల్, దాంతో తిండి మీదికి మనసు పోవడం, కొవ్వు పేరుకోవడం, మళ్ళీ అవమానం. మా ఉద్యోగ భాషలో ఇది ఫీడ్‌బ్యాక్ లూప్. దీన్ని మనం ‘నీ మంచికే చెప్తున్నా’ అనే మాటతో స్టార్ట్ చేస్తాం.

‘మరి ఆరోగ్యం సంగతో?’ అనే ప్రశ్న న్యాయమైనదే. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పెరిగి ఉందని 2025లో వచ్చిన అధ్యయనం చెప్పింది. గచ్చిబౌలిలో కూర్చుని పనిచేసేవాడిగా ఆ అంకె నన్నూ భయపెట్టింది. అయితే దానికి కారణాలుగా మాట్లాడుకున్నవి రోజంతా కుర్చీలో కూర్చోవడం, నిద్రలేని షిఫ్టులు, పని ఒత్తిడి. మనలాంటి పెద్దవాళ్ళకి పరిస్థితుల మీద చర్చ, పిల్లలకి ఒంటి మీద వెక్కిరింపు. ఇదెక్కడి న్యాయం? పైగా ఈడొచ్చే వయసులో అమ్మాయిల ఒంట్లో కొవ్వు కొంత పెరగడం ఎదుగుదలలో భాగమే. మనం దాన్ని తప్పుగా రాసుకుంటున్నాం.

తమాషా ఏంటంటే, మన భాషలో ‘ఒళ్ళు చేశావు’ ఒకప్పుడు సంతోషంగా అనే మాట. ‘చిక్కిపోయావేంటే’ అంటే అమ్మమ్మ ప్రేమ. ఇప్పుడు మొదటిది నింద, రెండోది ప్రశంస. అర్థాలు తారుమారయ్యాయి గానీ అలవాటు మారలేదు. పలకరింపు ఇంకా ఒంటి కొలతతోనే మొదలవుతోంది. సన్నగా ఉన్న పిల్లకీ తప్పదు, ‘చీపురుపుల్ల’ అనే పేరు సిద్ధంగా ఉంటుంది.

‘సైజ్ జీరో’ని తీసిపారేయమని కాదు. తప్పకుండా చూడండి, ఇంట్లో పిల్లలుంటే వాళ్ళతో కలిసి చూడండి. అనుష్క నటనలో ఉన్న దర్జా స్క్రిప్టులో లేదు. బాధ పడుతున్న చోట కూడా ఆమె జాలి అడగదు. ఆ దర్జా ఒక పద్నాలుగేళ్ళ పిల్లకి ఉంటే ఎలా ఉంటుందో చూపించే తెలుగు కథ కావాలి. ఆ కథలో పెళ్ళికొడుకు అక్కర్లేదు, మోసగాడైన డాక్టరూ అక్కర్లేదు. భోజనాల బల్ల, దాని చుట్టూ మనం ఉంటే చాలు.