అప్పా, తప్పా?

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో ఇంటిభాష తెలుగు, బడిభాష కన్నడం అయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2007లో ఈ తాలూకాలు కోలారు నుంచి విడిపోయి కొత్త జిల్లాలో చేరినా ఈ ద్విభాషాస్థితి మారలేదు. చిక్కబళ్లాపురం ఒకప్పుడు లండన్ మిషన్ ఆసుపత్రి పెట్టి పనిచేసిన ఊరు. ఇక్కడి క్రైస్తవ విద్యార్థి తెలుగు బైబిలునూ చదవగలడు, కన్నడ బైబిలునూ చదవగలడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఏం తెలుస్తుందో ఒక్క మాట ఆధారంగా పరిశీలిద్దాం.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు ప్రార్థన ఉంది. క్షమించమని దేవుణ్ణి వేడుకునే చోట పాత తెలుగు అనువాదం 'ఋణములు' అంటుంది; పాత కన్నడ అనువాదం 'తప్పు' అంటుంది. గ్రీకు మూలంలో ఉన్నది అప్పు అనే అర్థమిచ్చే మాటే. అలాగని కన్నడ అనువాదకులు పొరబడ్డారనలేం. యేసు కాలపు అరమాయికులో 'హోబా' అనే మాటకు అప్పు, పాపం అనే రెండర్థాలూ ఉన్నాయి. మత్తయి కూడా రెండు వచనాల తర్వాత అపరాధాలనే అంటాడు. అయినా అప్పు స్థానంలో తప్పు చేరినప్పుడు కొంత అర్థం జారిపోయిందని మా అభిప్రాయం.

తప్పును మన్నించడానికి నోటిమాట చాలుననిపిస్తుంది. అప్పుకు మాత్రం లెక్క ఉంటుంది. వదులుకున్నవాడికి నష్టం ఉంటుంది. వానను నమ్ముకుని సేద్యం చేసే ఈ తాలూకాల్లో అప్పు అలంకారం కాదు. 'జీతం' అనే మాటనే చూడండి. తెలుగులో అది చేసిన పనికి వచ్చే సొమ్ము. కన్నడంలో 'జీత' అంటే అప్పు కింద చేసే వెట్టి. 1976 నాటి చట్టం వెట్టిని రద్దు చేయడంతో ఆగలేదు, ఆ వెట్టికి మూలమైన అప్పునూ రద్దు చేసింది. అప్పు మిగిలితే విడుదల మాటల్లోనే ఉంటుందని చట్టం గుర్తించింది. మత్తయి 18వ అధ్యాయంలోని ఉపమానం సారమూ ఇదే. పదివేల తలాంతుల అప్పు మాఫీ అయిన దాసుడు నూరు దేనారాల కోసం తోటిదాసుడి గొంతు పట్టుకుంటాడు. క్షమించమనే ఆజ్ఞ అక్కడ ముందుగా పడేది అప్పిచ్చినవాడి మీద. దెబ్బతిన్న పేదవాణ్ణి సర్దుకుపొమ్మనడానికి ఈ బోధను వాడుకోవడం దాన్ని తలకిందులు చేయడమే.

తెలుగు మాటకూ ఒక చిక్కుంది. మన నుడికారంలో ఋణం 'తీర్చుకునేది'. తల్లిదండ్రుల ఋణమైనా, ఊరి ఋణమైనా అంతే. తీర్చలేని దాన్ని ఎదుటివాడే వదిలేయడమన్నది మన చెవికి కొత్త. ఆ కొత్తదనమే ప్రార్థనకు ప్రాణం.

పునరుత్థానం విషయంలోనూ మాట జాగ్రత్త అవసరం. చింతామణి తాలూకాలోని కైవారం నారాయణప్ప తెలుగు, కన్నడ రెండింటిలోనూ రచించిన యోగి. జన్మరాహిత్యాన్ని కోరే ఇటువంటి సంప్రదాయం వేరూనిన నేలమీద 'పునః' అనగానే పునర్జన్మ స్ఫురించడం సహజం. 'లేచాడు' అనే వాడుకమాటకు ఆ ప్రమాదం లేదు. లేచినవాడు కొత్త శరీరంలో మళ్లీ పుట్టినవాడు కాడు, గాయాల గుర్తులున్నవాడే. యోహాను 20వ అధ్యాయంలో తోమాకు ఆయన చూపింది వాటినే. అంటే క్షమాపణ గాయాన్ని మరచిపోమనడం లేదు. గాయం ఉండగానే పగను విడవమంటున్నది. క్రీస్తు లేవకపోతే మీరింకా మీ పాపాల్లోనే ఉన్నారని పౌలు కొరింథీయులకు రాయడంలో ఈ రెండింటి ముడి తెలుస్తుంది.

ఇక విశ్వాసం. ఇక్కడ తెలుగుకు అదృష్టం కలిసివచ్చింది. మన వాడుకలో విశ్వాసమంటే నమ్మడమే కాదు, నమ్మకంగా ఉండడం కూడా. గ్రీకు 'పిస్తిస్' అర్థపరిధీ ఇంతే. మూడుసార్లు ఎరుగనన్న పేతురును లేచిన యేసు సరస్సు ఒడ్డున మూడుసార్లు ప్రశ్నించి, ప్రతిసారీ గొర్రెల బాధ్యత అప్పగించాడు. సంజాయిషీ అడగలేదు, పని ఇచ్చాడు.

కాబట్టి విద్యార్థులారా, 'తప్పు' అని చదివినప్పుడు 'ఋణం' గుర్తు చేసుకోండి. 'ఋణం' అన్నప్పుడు 'తప్పు'ను మరవకండి. రెండు భాషలున్నవారికి ఇది భారం కాదు, వెసులుబాటు. ప్రార్థన ముగిశాక ఇంటికెళ్లి పద్దుపుస్తకం తెరిచేవాడికి ఆ రెండు మాటలూ వినిపించాలి.