236 రూపాయల లెక్క

కీసరలో దస్తావేజులు రాసే ఓ పెద్దాయన దగ్గర బ్యాంకు మీద ఫిర్యాదు తయారవుతుంటే చూశాను. చార్జీల పేరు చెప్పి ఖాతా ఊడ్చేశారని ఒకావిడ గోడు. ఆయన అంతా విన్నాడు గానీ ఒక్క ముక్కా రాసుకోలేదు. "కోపం ఇంట్ల పెట్టి, స్టేట్‌మెంట్ తీస్కరా అమ్మా" అన్నాడు.

కాగితాలొచ్చాక ఎర్ర పెన్సిల్ పట్టాడు. 236 కింద గీత. కిందికి దిగితే మళ్లీ 236, మళ్లీ గీత. కనీస నిల్వ లేదని రెండొందలు చార్జీ, దాని మీద 36 జీఎస్టీ. కనీస నిల్వ తగ్గితే ముందు ఖాతాదారుకు తెలపాలని, ఆ చార్జీల వల్లే ఖాతా మైనస్‌లోకి పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2014లోనే చెప్పింది. ఆ సంగతి ఆయనకు కంఠస్థం. తేదీల వరుస, పేజీ నంబర్లు, అఫిడవిట్, బ్యాంకుకిచ్చిన అర్జీ నకలు. విసుగు పుట్టించే పనే, కానీ సగం కేసు ఇక్కడే గెలుస్తారని నా నమ్మకం.

చివరికి మూడు పేజీలు తేలాయి. ఒక్క తిట్టూ లేదు!

సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇలాంటి ఫిర్యాదుకు ఫీజు లేదు. గడువు మాత్రం రెండేళ్లే. మీ పాసుబుక్కు ఓసారి తీసి చూడండి.