పిట్ట తోకా, బీమ్ చక్రమూ

ఒక పిట్ట బొమ్మ. గుండ్రటి పొట్ట, పొడుగాటి తోక. పక్క గడిలో అదే పిట్ట మీద ముదురుగా దిద్దిన ఇంగ్లీషు ‘బి’. తోక నిలువు గీత అయింది, పొట్ట సున్నా అయింది. చివరికి పిట్ట ఎగిరిపోయి అక్షరం మిగిలింది. ఫ్రాంక్ లౌబాక్ పద్ధతిలో, చదువురాని పెద్దవాళ్ళకు ఇంగ్లీషు నేర్పే వాచకంలో మొదటి పాఠం ఇది.

మన ఎక్కాల పుస్తకంలోనూ ‘ఏ’ పక్కన యాపిల్ ఉంటుంది. కానీ ఆ రెంటికీ రూపంలో చుట్టరికం లేదు. పండు గుండ్రన, అక్షరమేమో నిచ్చెన. ఎవరో చెబితే తప్ప పిల్లవాడికి జ్ఞాపకం ఉండదు. లౌబాక్ పిట్ట అలా కాదు. మర్చిపోయినవాడు తోక వంక చూస్తే చాలు, అక్షరం దానంతటదే గుర్తొస్తుంది. ఎవర్నీ అడగక్కర్లేదు. నలభై ఏళ్ళ మనిషికి అక్షరం కంటే అడగడమే కష్టమని తెలిసినవాడు గీయించిన బొమ్మ అది.

లౌబాక్ అమెరికన్ మిషనరీ. 1930 ప్రాంతంలో ఫిలిప్పీన్స్‌లోని లానావ్‌లో మరనావ్ భాషకు చదువు పటాలు తయారుచేశాడు. డబ్బు ఆగిపోయినప్పుడు, నేర్చుకున్న ప్రతివాడూ ఇంకొకడికి నేర్పాలన్న పద్ధతి అక్కడే పుట్టింది. మన దేశమూ తిరిగి, 1940లో భారతదేశ అక్షరాస్యత మీద ఒక పుస్తకం రాశాడు.

ఆ పిట్ట పటాన్ని గుజరాత్‌లోని సూరత్ తీసుకెళ్ళి చూస్తే ఎలా ఉంటుందా అని నాకు తోచింది. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడి లింబాయత్ వైపు తరాలుగా ఉన్నాయి. పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. పెద్దవాళ్ళ బడి మాత్రం మగ్గమే.

తెలుగు చదవగలిగినవాడికి అక్కడి గుజరాతీ లిపి సగం వచ్చినట్టే. క, ఖ, గ, ఘ వరస అదే, బట్టలే వేరు. చిక్కు ఎక్కడంటే, ఊరి పేరును గుజరాతీవాళ్ళు ‘సు-ర-త’ అని మూడక్షరాలుగా రాస్తారు. కింద పొల్లు ఉండదు. మనవాడు నిండుగా ‘సురత’ అని చదువుతాడు, ఊరు నవ్వుతుంది. అంకెలు ఇంకా కొంటెవి. వాళ్ళ 2 అచ్చం వాళ్ళ ‘ర’, 5 అచ్చం ‘ప’. 1 చూస్తే మనకు 9 అనిపిస్తుంది. పగార్ చీటీలో ఒకటిని తొమ్మిదనుకున్నవాడి సంతోషం ఎంతసేపు!

ఇంగ్లీషు దగ్గర మాత్రం విచిత్రం ఒకటుంది. అక్షరం రాని మగ్గం మనిషి నోట బీమ్, పిక్, బాబిన్, షటిల్, మీటర్, షిఫ్ట్, మాస్టర్ రోజూ పలుకుతూనే ఉంటాయి. పడుగు, పేక పక్కన అవీ తెలుగు మాటలైపోయాయి. అలాంటివాడికి ‘బర్డ్’ అనే కొత్త మాట నేర్పి, దాన్నుంచి ‘బి’కి తీసుకెళ్ళడం చుట్టుదారి. నేనైతే బొమ్మ మార్పిస్తాను. నిలువు కమ్మీ, దాని పక్కన పడుగు చుట్టే బీమ్ అంచున ఉండే గుండ్రటి చక్రమూ గీస్తే ‘బి’ సిద్ధం. లౌబాక్ పనితనం చెడదు, పిట్ట ఒక్కటే మారుతుంది.

ఈ బొమ్మ పాఠానికి ఒక హద్దు ఉంది. మాట తొలి అక్షరాన్ని మాత్రమే అది గుర్తు చేస్తుంది. సూరత్‌లో పాత షటిల్ మగ్గాల స్థానంలో వాటర్‌జెట్, రేపియర్ మిషన్లు వస్తున్నాయి. వాటి మీటల మీద ‘స్టార్ట్’, ‘స్టాప్’ అనే మాటలు ఇంగ్లీషులో రాస్తే మొదటి రెండక్షరాలూ ఒకటే, తేడా మూడో అక్షరంలో మొదలవుతుంది. పచ్చ, ఎరుపు రంగులు ఉన్నంతకాలం పని నడుస్తుంది. నూనె చేతుల కింద రంగు పోయిన మీట దగ్గర మాత్రం మూడో అక్షరం దాకా చదవాల్సిందే.