‘నమ’ తెగని నమస్కారం

బిలాస్‌పూర్ యార్డులో గూడ్సు కదిలేముందు ట్రెయిన్ మేనేజర్‌కూ (పాత పేరు గార్డు) లోకో పైలట్‌కూ మధ్య నడిచే సంభాషణ ఒక్క మాటే. ఇటు నుంచి ‘ఆల్‌రైట్’, అటు నుంచి ‘ఆల్‌రైట్’. వాళ్ల చేతుల్లో ఉండేవి 5 వాట్ల వాకీటాకీలు, స్టేషన్ మాస్టర్ బల్ల మీద ఉండేది 25 వాట్ల సెట్టు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడ పట్టాల వెంట స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఆ సెట్ల గరగర కొత్త కాదు.

ఊరికి ఓ పక్కన, రతన్‌పూర్ వెళ్లే దారిలో కోని ఉంది. అక్కడ ఒక డాబా ఎక్కి, హామ్ (అమెచ్యూర్) రేడియో లైసెన్సు ఉన్నవాళ్లు వాడే చేతి సెట్టు పట్టుకుని, విశాఖపట్నంలో ఉన్న మేనమామను పిలిచామనుకుందాం. ఆయనకూ లైసెన్సు ఉంది, సెట్టు ఉంది. అయినా పలకడు. కాకి ఎగిరే దారిన కొలిచినా విశాఖ ఇక్కడికి దాదాపు 500 కిలోమీటర్లు. చేతి సెట్లు వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపు వెళ్లినంత మేరకే వెళతాయి. భూమి వంపు తిరిగిన చోట అవి ఆకాశంలోకి పోతాయి.

దీనికి హాములు వాడే చేతి లెక్క ఒకటుంది. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే ఆ ఎత్తు నుంచి తరంగం అందుకునే దూరం కిలోమీటర్లలో వస్తుంది. పది మీటర్ల డాబాకు 13, ముప్ఫై మీటర్ల టవర్‌కు 22 పైచిలుకు. రెండూ కలిపితే 35 కిలోమీటర్లు. విశాఖకు రైల్లో వెళ్లాలంటే మనవాళ్లు లింక్ ఎక్స్‌ప్రెస్ అని పిలిచే కోర్బా బండి ఎక్కి రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం దాటుకుంటూ పోవాలి. మరి మాట వెళ్లాలంటే?

మాటకు కావలసిన మొదటి మజిలీ రిపీటర్. ఎత్తైన చోట నిలబెట్టిన ఈ పెట్టె ఒక ఫ్రీక్వెన్సీలో విన్నదాన్ని అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో తిరిగి చెబుతుంది. ఈ చేతి సెట్లు వాడే రెండు మీటర్ల బ్యాండులో ఈ రెంటి మధ్య ఎడం సాధారణంగా 600 కిలోహెర్ట్జ్. విశాఖలో మేనమామ దగ్గరా ఇలాంటిదే ఇంకొకటి ఉందనుకుందాం. ఈ రెండు రిపీటర్ల మధ్య మిగిలిన దూరాన్ని ఇంటర్నెట్‌కు అప్పగించడమే లింకు. నడిమి దూరం మాత్రమే కేబుల్‌ది, రెండు కొసలూ గాలివే.

ఇందుకు రేడియోనూ కంప్యూటర్‌నూ కలిపి పెట్టే లింకు పెట్టె చేయవలసిన పనులు మూడు. మొదటిది, ఎవరో మాట్లాడుతున్నారని గుర్తుపట్టడం. రేడియోలో స్క్వెల్చ్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు గరగరను మూసి ఉంచే తలుపు, తెరుచుకోగానే ఆ సంకేతం కంప్యూటర్‌కు అందుతుంది. రెండోది, గొంతును అంకెలుగా మార్చి కుదించడం. సెకనుకు 8,000 సార్లు కొలిచిన గొంతు అలాగే పంపితే 128 కిలోబిట్లు కావాలి. పాత సెల్‌ఫోన్లు వాడిన జీఎస్‌ఎం పద్ధతిలో కుదిస్తే 13 కిలోబిట్లు చాలు. ఇందులో సెకనులో యాభయ్యో వంతు గొంతు 33 బైట్లలో సర్దుకుంటుంది. మూడోది, అవతలి కొసన అంకెలను మళ్లీ గొంతుగా మార్చి, ఆ రేడియో మీట నొక్కి వినిపించడం.

ఇంటర్నెట్ దారిలో ఒక గొంతు ముక్క తప్పిపోతే దాని కోసం ఎవరూ వెనక్కి వెళ్లరు. డబ్బు పంపేటప్పుడైతే తప్పిపోయినదాన్ని మళ్లీ అడిగి తెచ్చుకోవాలి. మాటకు ఆ ఓపిక పనికిరాదు. ఆలస్యంగా వచ్చిన అక్షరం కంటే రాని అక్షరమే నయం. ముందూ వెనకా వచ్చిన ముక్కలను వరసలో పెట్టడానికి మాత్రం పెట్టె కాసేపు ఆగుతుంది. లింకు మీద మాట కొంచెం ఆలస్యంగా వినిపించేది అందుకే.

ఈ విద్య మొన్న మొన్నటిదేమీ కాదు. కెనడాలోని వాంకూవర్‌లో డేవిడ్ కామెరాన్ 1997లో ఐఆర్‌ఎల్‌పీ అనే లింకు వ్యవస్థను మొదలుపెట్టాడు. అతని పట్టుదల ఒకటే: రెండు కొసల్లోనూ రేడియో ఉండాలి. 2002లో అమెరికాకు చెందిన జొనాథన్ టేలర్ తెచ్చిన ఎకోలింక్ ఆ తలుపును కాస్త తెరిచింది. లైసెన్సు కాగితం చూపించి కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే పిలుపు పేరు) రుజువు చేసుకుంటే కంప్యూటర్ నుంచైనా మాట్లాడవచ్చు. జిమ్ డిక్సన్ ఆఫీసు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు నడిపే ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేర్‌కు రిపీటర్‌ను అప్పగించి ఆల్‌స్టార్‌కు దారి వేశాడు. ఇప్పుడు డీఎంఆర్ అనే డిజిటల్ పద్ధతిలో అరచేతిలో ఇమిడే హాట్‌స్పాట్ పెట్టెలు వచ్చాయి. వాటిలో బ్రాండ్‌మైస్టర్ నెట్‌వర్క్‌కు వెళ్లి 404 నొక్కితే భారతదేశం గుంపు వస్తుంది. మన సెల్ నెట్‌వర్క్‌లను గుర్తించే దేశపు సంకేతాల్లో కూడా అదొకటి.

ఇల్లు అలకగానే పండగ కాదు. తీగలు కలిపినంత మాత్రాన లింకు పలకదు, దానికి ఓ అలవాటు కావాలి. ఒకసారి దగ్గర నుంచి చూద్దాం. ఎకోలింక్‌లో అయితే కోనిలో మనిషి ముందు కాసేపు వింటాడు, ఎవరూ మాట్లాడటం లేదని చూసుకుంటాడు. తన కాల్‌సైన్ చెబుతాడు. మీట నొక్కి ఉంచి, సెట్టు మీది అంకెల బటన్లతో అవతలి లింకు పెట్టె (నోడ్) నంబరు కొడతాడు. టక్ టక్‌మంటూ ఆ స్వరాలు వెళతాయి, లింకు కలిసిందని పెట్టె గొంతు చెబుతుంది. ఇప్పుడతను మీట నొక్కగానే ‘నమస్కారం’ అన్నాడనుకోండి, విశాఖలో మేనమామకు వినబడేది ‘స్కారం’ మాత్రమే. స్క్వెల్చ్ తెరుచుకుని, కంప్యూటర్ మేల్కొని, అవతలి రేడియో మీట పడేలోగా ‘నమ’ గాలిలో కలిసిపోతుంది.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు మీట నొక్కి, ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే నోరు విప్పుతారు. చెప్పడం అయ్యాక కూడా రెండు సెకన్ల ఎడం వదులుతారు. ఆ ఎడంలోనే మూడోవాడు దూరగలడు, ఎక్కడో ఆపదలో ఉన్నవాడి పిలుపూ వినబడగలదు. ఎడం ఇవ్వకుండా ఇద్దరే బంతిలా మాట విసురుకుంటే నాలుగు ఊళ్ల రిపీటర్లు వాళ్లకే బందీ అయిపోతాయి. ఇంకో జాగ్రత్త ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీలో పక్కపక్కన రెండు లింకు పెట్టెలు పెట్టి ఒకదానికొకటి కలిపితే, ఒకదాని మాట రెండోది విని మళ్లీ పంపుతుంది. ఇక ఆ గోలకు అంతు ఉండదు. పని అయ్యాక ఎకోలింక్‌లో చదరం (#) గుర్తుతో, ఐఆర్‌ఎల్‌పీలో 73తో లింకు తెంచుతారు. హాముల భాషలో 73 అంటే శుభాకాంక్షలు. వీడ్కోలే తాళంచెవి అన్నమాట.

కొత్తగా పెట్టినవాళ్లు ముందు 9999 నోడ్‌ను పిలవాలి. ఎకోలింక్‌లో అది పరీక్ష సర్వర్. మన గొంతును మనకే తిరిగి వినిపిస్తుంది. మన మాట ఎంత గట్టిగా, ఎంత గరగరగా వెళుతోందో అక్కడే తేలిపోతుంది.

ఇంతా చేసి ఇది రేడియోయేనా అనే పాతతరం సణుగుడు ఉంది. అది తీసిపారేయదగ్గ మాట కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడినప్పుడు కరెంటూ సెల్ టవర్లూ దెబ్బతిన్నాయి. అలాంటి రోజున విశాఖ కొసనున్న ఇంటర్నెట్ లింకూ మూగబోతుంది. దానికి పదేళ్ల ముందు, 2004 డిసెంబరులో, మన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ అండమాన్‌లో హామ్ కేంద్రం తెరిచారు. ఏళ్ల తరబడి అక్కడ హాములకు అనుమతి లేదు. వీయూ4ఆర్‌బీఐ అనే ఆమె పిలుపు కోసం ప్రపంచమంతా చెవులు రిక్కించి ఉండగా, 26న సునామీ వచ్చింది. ఆమె సరదా కబుర్లు ఆపి, పోర్ట్‌బ్లెయిర్ నుంచి బతికున్నవాళ్ల సమాచారం చేరవేసే పనికి దిగారు. ఆ మాటలను మోసుకొచ్చింది కేబుల్ కాదు, ఆకాశపు అయనోస్ఫియర్‌ను తాకి తిరిగొచ్చే హెచ్‌ఎఫ్ తరంగాలు.

అయితే లింకు విలువ ఎక్కడ? గాయం తగలని కొసన. విరిగిన ఊరి నుంచి బ్యాటరీతో హెచ్‌ఎఫ్‌లో బయటకొచ్చిన మాట క్షేమంగా ఉన్న ఏ ఊరి హాముకు అందినా చాలు, అక్కడి నుంచి పది ఊళ్ల రిపీటర్లకు ఒకేసారి పంచడానికి లింకుకు మించిన మార్గం లేదు. అంతకంటే పెద్ద లాభం మామూలు రోజులది. ఆపద వచ్చాక మాట్లాడటం నేర్చుకోలేం. రోజూ లింకు మీద కూర్చుని కాల్‌సైన్ చెప్పడం, ఎడం ఇవ్వడం, ముక్తసరిగా మాట్లాడటం అలవాటైనవాడే ఆ రోజు పనికొస్తాడు.

హైదరాబాదులో 1983లో పుట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో శిక్షణ ఇస్తోంది. అదే ఏడాది పుట్టిన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం కోనిలోనే ఉంది, ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ కూడా ఇక్కడే. మన దేశంలో పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా హామ్ పరీక్ష రాయవచ్చు, క్లబ్బులకు విడిగా లైసెన్సు ఉంది. లింకు పెట్టేముందు మాత్రం లైసెన్సు షరతులు శ్రద్ధగా చదవాలి. వ్యాపారపు మాటలకు అందులో చోటు లేదు. చదువుకునే పిల్లలూ, సెట్టు గరగర తెలిసిన రైల్వే పెద్దలూ ఒకే ఊళ్లో ఉన్నారు. వాళ్లు ఒక డాబా మీద కలిస్తే చాలు. సెట్టు కొనే ముందు మీరొక్క పని చేయండి. ఏ హాము ఇంటికో వెళ్లి ఒక సాయంత్రం మాట్లాడకుండా వినండి. ఈ విద్యలో మొదటి పాఠం అదే.