‘బయటపడింది’ అనే క్రియకు కర్త ఎవరు?

చరిత్ర రచన గురించి మాట్లాడినప్పుడల్లా మనం పెద్ద గ్రంథాల గురించే మాట్లాడుతున్నాం. ఏ చరిత్రకారుడు ఏ దృక్పథంతో రాశాడు, రాజుల చరిత్ర రాశాడా, ప్రజల చరిత్ర రాశాడా అన్న చర్చ అభ్యుదయ సాహిత్యోద్యమానికి కొత్త కాదు. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ నాటి నుంచీ అది మన ఆలోచనలో భాగమే. అయితే ఆ పెద్ద గ్రంథాలకు ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తోంది? నాగలి చాలులో తేలిన నాణెం, బావి తవ్వుతుంటే దొరికిన పూస, కాలువ గట్టున కనిపించిన మట్టి బొమ్మ - వీటిని గురించి మొట్టమొదట ఎవరో రాసే నాలుగు వాక్యాల నుంచి వస్తోంది. ఆ నాలుగు వాక్యాలను మన విమర్శ ఇంతవరకు రచనగా పట్టించుకోలేదు. అవి కూడా రచనే. చరిత్రలో శ్రామికుడు మాయం కావడం గ్రంథంలో కాదు, అక్కడే మొదలవుతుంది.

ముందు భాష సంగతి చూద్దాం. ఇటువంటి వార్తలు మన పత్రికల్లో ఎలా ఉంటాయో పాఠకులకు తెలుసు. విగ్రహం ‘బయటపడింది’. నాణేలు ‘వెలుగు చూశాయి’. శాసనం ‘లభ్యమైంది’. వ్యాకరణం చెప్పే ఉపాధ్యాయుడు ఇక్కడ ఆగక తప్పదు. ఈ క్రియలన్నీ అకర్మకాలు. వీటికి కర్త ఆ వస్తువే. విగ్రహం తనంత తానే మట్టిని తోసుకుని పైకి వచ్చిందన్నమాట! గడ్డపార పట్టినవాడు, తట్ట మోసిన ఆమె, ట్రాక్టరు నడిపిన యువకుడు వాక్యంలో లేరు. మహా అయితే ‘కూలీలు పనిచేస్తుండగా’ అన్న అసమాపక క్రియ చాటున నిలబడతారు. మరుసటి వాక్యంలో మాత్రం పేర్లు వరుసగా వస్తాయి. ఫలానా అధికారి పరిశీలించారు, ఫలానా పండితులు కాలనిర్ణయం చేశారు. అక్కడ క్రియలన్నీ సకర్మకాలు. చేతితో కనుగొన్నవాడికి అకర్మక క్రియ, కంటితో చూసినవాడికి సకర్మక క్రియ! ఇది కేవలం శైలీదోషం కాదు. శ్రమ విభజన వాక్యనిర్మాణంలోకి దిగిన తీరు ఇది.

ఈ మాటను గాలిలో చెప్పనక్కరలేదు. గోదావరిఖని, రామగుండం బొగ్గు గనుల చుట్టూ ఉన్న నేల దీనికి కావలసినంత సాక్ష్యమిస్తుంది. గనులకు ఎగువన, గోదావరిలో పెద్దవాగు కలిసేచోట కోటిలింగాల ఉంది. పెద్దపల్లి పక్కన పెద్దబంకూరు ఉంది. హుస్సేనివాగు ఒడ్డున ధూళికట్ట ఉంది. 1960ల చివరి నుంచి 1980ల తొలినాళ్ళ దాకా రాష్ట్ర పురావస్తు శాఖ ఈ మూడు చోట్లా తవ్వకాలు జరిపింది. కోటిలింగాల తవ్వకాలకు వి.వి. కృష్ణశాస్త్రి సారథ్యం వహించారు. అయితే కోటిలింగాల కథ శాఖతో మొదలుకాలేదు. తపాలా శాఖలో పనిచేసిన సంగనభట్ల నరహరి అక్కడి దిబ్బ మీద నాణేలు ఏరి, దాచి, చదవగలవారి చేతికి అందించారు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి 1970ల చివరలో పండిత లోకం ముందు పెట్టారు. గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే పేర్లు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత రూపంలో బయటికి వచ్చాయి. శాతవాహన వంశస్థాపకుడు సిముకుని నాణేలు కూడా అక్కడ దొరికాయి. అంతకుముందు ఆ పేరు పురాణాల జాబితాలోనూ నానాఘాట్ గుహలోని ఒక చిన్న రాతలోనూ మాత్రమే ఉండేది.

ఇందులో గ్రహించవలసింది ఒకటుంది. ఆ నాణేలకు విలువ వచ్చింది వాటిలోని లోహం వల్ల కాదు, అక్షరాల వల్ల మాత్రమే కూడా కాదు. ‘ఇవి కోటిలింగాలలో దొరికాయి’ అన్న ఒక్క వాక్యం వెంట ఉండటం వల్ల వచ్చింది. అదే నాణెం నగరంలో ఏ పాత వస్తువుల అంగడిలోనో కనిపించి ఉంటే సిముకుడు ఎక్కడివాడన్న ప్రశ్నకు అది సాక్ష్యం చెప్పలేదు. వస్తువును చోటు నుంచి విడదీస్తే మిగిలేది సరుకే, సాక్ష్యం కాదు. మార్కెట్ చేసే పని సరిగ్గా ఇదే. కర్తనూ, చోటునూ చెరిపేసి వస్తువుకు ధర కడుతుంది.

మరి దక్కిన సాక్ష్యంతో మన రచయితలు చేసిందేమిటి? శాతవాహనుల తొలి రాజధాని ఏది, వారు ముందు ఏ ప్రాంతం వారు అన్న వాదంలోనే ఎక్కువ సిరా ఖర్చయింది. ఈ వాదం అర్థం లేనిదని అనను. తెలంగాణకు ప్రాచీన చరిత్రే లేదన్నట్టు రాసిన పుస్తకాలకు సమాధానం చెప్పవలసిన అవసరం ఉండింది. కానీ సమాధానం అక్కడే ఆగిపోతే, వాళ్ళ రాజుకు బదులు మన రాజును నిలబెట్టడమే అవుతుంది. ప్రశ్న మారదు.

పెద్దబంకూరునే తీసుకోండి. అక్కడ సుమారు 22,000 శాతవాహన నాణేలు ఒకే నిక్షేపంగా దొరికాయి. ఈ అంకె ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తుంది. అదే చోట ఇటుక బావులు, మట్టి గాజులు పేర్చి కట్టిన బావులు, మురుగు కాలువలు, కమ్మరి కొలిమి ఆనవాళ్ళు, ఇనుప పనిముట్లు కూడా దొరికాయి. ఇవి తవ్వకాల నివేదికల్లో ఉన్నాయి. మన వ్యాసాల్లో, పాఠాల్లో, అవధానాల్లో, కవితల్లో లేవు. 22,000 నాణేలు ఏ పనికి కూలీగా, ఏ పంటకు ధరగా, ఏ శిస్తుగా చేతులు మారాయన్న ప్రశ్నను ఆ కొలిమి పక్కన నిలబడి అడగాలి. ధూళికట్ట అనగానే ముచిలిందనాగుని చెక్కిన స్తూప ఫలకాలు గుర్తుకొస్తాయి. ఆ సున్నపురాతిని మోసిందెవరు, చెక్కిందెవరు, వారికి తిండి పెట్టిన పొలం ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబిచ్చేవి చిల్లపెంకులూ, ఎముక ముక్కలూ, కొడవలి తుప్పూ. అవి నమోదు కాకపోతే జవాబు లేదు.

ఈ విషయంలో దామోదర్ ధర్మానంద్ కోశాంబి చూపిన దారి మనకు తెలియనిది కాదు. ఆయన వృత్తిరీత్యా గణితాచార్యుడు. వేల సంఖ్యలో పాత వెండి నాణేలను ఒక్కొక్కటిగా తూచాడు. చేయి మారిన కొద్దీ నాణెం అరుగుతుంది. ఆ అరుగుదల లెక్కను బట్టి అది ఎంతకాలం సంతలో తిరిగిందో అంచనా కట్టాడు. నాణెం మీద రాజముద్రను చూసేవారి మధ్య, నాణెం మీద జనం వేళ్ళ ఒరిపిడిని చూసినవాడు ఆయన. తుప్పు పట్టే సీసం నాణేలకు ఆ లెక్క యథాతథంగా వర్తించకపోవచ్చు, కానీ ఆ చూపు వర్తిస్తుంది. ఆ చూపుకు కావలసిన మొదటి షరతు ఏమిటి? ప్రతి నాణెం బరువునూ ఓపికగా రాసి ఉంచడం. సిద్ధాంతం ఎంత గొప్పదైనా బరువు రాయని నాణెం ముందు చేతులు కట్టుకు నిలబడవలసిందే.

మన ఊళ్ళలో ప్రజలు తమ పద్ధతిలో ఒక నమోదు ఉంచుకున్నారు. పాత ఊరు ఉండి పాడుబడిన చోటును ‘పాటిగడ్డ’ అంటారు. పెద్ద రాళ్ళు పేర్చిన ఆదిమ సమాధులను ‘రాకాసిగుళ్ళు’ అంటారు. పేరే ఒక రికార్డు. పాటిగడ్డ మట్టిలో సత్తువ ఉంటుందని రైతులు ఆ ‘పాటిమన్ను’ బండ్లకెత్తి పొలాలకు తోలుతారు. ఆ మట్టితో పాటే పెంకులూ పూసలూ నాణేలూ పొలాల్లోకి చేరతాయి. తర్వాత ఎవరో చదువుకున్నవాడు ఆ పొలంలో నాణెం చూసి, అక్కడొక నగరం ఉండేదని రాస్తాడు. ‘ఈ మట్టి ఎక్కడిది?’ అని రైతును ఒక్క మాట అడిగి ఉంటే ఆ నగరం కట్టవలసిన పని ఉండేది కాదు. రైతు నోట ఉన్న సమాచారం ఆధారంగా లెక్కకు రాకపోవడం వల్ల చరిత్రే తప్పుదారి పట్టే అవకాశం ఇక్కడుంది. అది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

బొగ్గు గనుల సంగతికి వద్దాం. గోదావరి లోయ బొగ్గు వయసు 25 కోట్ల సంవత్సరాలకు పైమాటే. మనిషి చరిత్ర అంతా దాని మీద పరచుకున్న పై మట్టిలో, కొద్దిపాటి మందంలో ఉంది. ఓపెన్‌కాస్టు గనిలో ముందుగా తీసేది ఆ మట్టినే. దానికి గని భాషలో పేరు ‘ఓవర్‌బర్డెన్’, కార్మికుల నోట ‘ఓబీ’. అంటే బొగ్గు మీద పడి ఉన్న బరువు. వేల ఏళ్ళ మనిషి బతుకు ఆ లెక్కలో తొలగించవలసిన బరువు! గనిలో రాయని పని లేదు. మస్టరు ఉంటుంది, ఓవర్‌మన్ రోజువారీ నివేదిక ఉంటుంది, టన్నుల లెక్క ఉంటుంది. ఓబీని ఘనపు మీటర్లలో లెక్క కడతారు. ఆ మట్టిలో ఏముందో రాయడానికి మాత్రం గడి లేదు. నేలను మొదట చూసే కళ్ళు డోజరు నడిపేవాడివి. ఆ కళ్ళకు చెందిన పేజీ లేకపోవడం సాంకేతిక లోపం కాదు, ఎవరి చూపు లెక్కలోకి వస్తుందన్న పాత ప్రశ్నే. నది వైపు పరిస్థితి కూడా ఇంతే తొందర పెడుతోంది. ఎల్లంపల్లి జలాశయం వెనుక నీరు కోటిలింగాల దాకా వచ్చింది. నీళ్ళు రైతుకు కావాలి, బొగ్గు దేశానికి కావాలి. కాదనేవారు లేరు. మునిగేదాన్నీ, తొలగించేదాన్నీ ముందుగా రాసి పెట్టమనడం అభివృద్ధికి అడ్డం పడటం కాదు.

దొరికినవాడు ఎందుకు చెప్పడు? చెబితే ఏమవుతుందోనన్న భయం. గుప్తనిధుల చట్టాన్ని వలస ప్రభుత్వం 1878లో చేసింది. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలన్నది అందులోని ఆదేశం. చెప్పనివాడికి వాటా పోవడమే కాక శిక్ష కూడా ఉంది. ఊళ్ళో ఈ చట్టం పోలీసు రూపంలోనే తెలుసు. దానికి తోడు లంకెబిందెల కథలు, రాత్రిపూట రాకాసిగుళ్ళను పెళ్ళగించే ముఠాలు. ఒక వైపు భయం, మరో వైపు ఆశ. మధ్యలో మట్టి బొమ్మ పగిలి దిబ్బలో పడుతుంది. ఇంగ్లండులో 1997లో మరో పద్ధతి మొదలుపెట్టారు. మామూలు మనిషి తనకు దొరికిన చిన్న వస్తువును తెచ్చి చూపిస్తే, చోటూ కొలతలూ రాసుకుని, చట్టం నిధిగా లెక్కించని వస్తువులను తిరిగి అతనికే ఇచ్చేస్తారు. అలా 15 లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి. అక్కడా లోహశోధక యంత్రాల వేటగాళ్ళున్నారు, బేరగాళ్ళున్నారు. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకోమని కాదు. చెప్పినవాడిని దొంగలా చూడకపోతే జనం చెబుతారన్న సత్యాన్ని అది రుజువు చేసింది.

అయితే మంచి నమోదు ఎలా ఉండాలి? ఊహకు ఒకటి: ‘పైపు కోసం మోకాలి లోతు కాలువ తీస్తుండగా, కూలి పనికి వచ్చిన ఫలానా ఆమె, కదురుకు గుచ్చే మట్టి బిళ్ళ ఒకటి చూసి తీసింది. వ్యాసం ఇంత, బరువు ఇంత. పక్కన నల్లటి, ఎర్రటి పెంకులూ, బూడిద పొరా ఉన్నాయి. నాణేలు లేవు. మట్టి అక్కడిదేనని, తోలుకొచ్చింది కాదని రైతు చెప్పాడు. సర్వే నంబరు ఇది, తేదీ ఇది.’ ఇందులో పొగిడే విశేషణం ఒక్కటి లేదు. ‘అపురూపమైన’ లేదు, ‘వైభవం’ లేదు. క్రియకు కర్త ఉంది, ఆ కర్త పేరు చెప్పడానికి ఆమె అంగీకారం ఉండాలి. లేనిదాన్ని లేదని రాయడం ఉంది. తెలుగులో ఇంత నిరాడంబరమైన వచనం రాయడం తేలిక కాదు. మన వచనానికి ఇదొక పరీక్ష అని నా అభిప్రాయం.

కార్మికుని ముందు ఇన్ని సమస్యలుండగా పెంకుల లెక్క ఎందుకని అడిగే మిత్రులున్నారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ నిర్వాసితుడైన రైతు కాగితం చూపలేక పోగొట్టుకునేదేమిటో ఈ ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కరలేదు. రాసి లేనిది జరగనట్టే లెక్కగట్టే వ్యవస్థలో, రాయడం విలాసం కాదు. పైగా మనం వదిలేసిన రంగం ఖాళీగా ఉండదు. ప్రతి పెంకులోనూ స్వర్ణయుగం చూసేవారు, ప్రతి రాతికీ ఒక కులగౌరవం అంటగట్టేవారు దాన్ని ఆక్రమిస్తారు. ఇప్పటికే ఆక్రమిస్తున్నారు.

ఈ పనికి మనకొక సంప్రదాయం ఉంది. 1920లలో హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి ఏర్పడినప్పుడు, ఆదిరాజు వీరభద్రరావు వంటి తెలుగు ఉపాధ్యాయులు ఉద్యోగం చేసుకుంటూనే ఆ భారం మోశారు. నిజాం పాలనలో, తెలుగుకు గౌరవం లేని రోజుల్లో, 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటం వెలువడింది. వారు రాళ్ళ మీది అక్షరాలను కాపాడారు. కరీంనగరం జిల్లా కుర్క్యాల గుట్ట మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన కందపద్యాలు లేకుండా ఈనాడు తెలుగు ఛందస్సు చరిత్ర చెప్పలేం. రాతి మీద పద్యానికి దక్కిన ఆ శ్రద్ధ మట్టిలోని కొడవలికి దక్కవలసి ఉంది.

కనుక బడికొక నోటుపుస్తకం, సంఘానికొక నోటుపుస్తకం, గని గేటు దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టుకుందాం. వెతుక్కుంటూ తవ్వకుండా, కొనకుండా, అమ్మకుండా, దొరికినదాన్ని చోటుతో సహా రాద్దాం. తవ్విన చేతి పేరు మొదటి వాక్యంలో రాద్దాం. ప్రజల చరిత్ర ఎవరో మహా పండితుడు వచ్చి రాసే గ్రంథంగా కాక, సకర్మక క్రియతో మొదలయ్యే ఒక చిన్న వాక్యంగా ముందు మన చేతుల్లో మొదలు కావాలి.